పడమటి కిటికీకి సన్ ఫిల్మ్: ఎంచుకోవడం నుంచి అతికించడం దాకా

రేడియం స్టిక్కర్ల షాపుకి వెళ్లి "కిటికీకి ఎండ ఆగే ఫిల్మ్ కావాలి" అని అడగండి. కౌంటర్ మీదకి మొదట వచ్చేది నల్ల రోల్. ఇంకా నల్లది కావాలంటే ఇంకోటి తీస్తారు. ఎంత నల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుందని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ నమ్ముతారు. నల్ల ఫిల్మ్ వెలుగుని కచ్చితంగా తగ్గిస్తుంది. వేడిని ఎంత తగ్గిస్తుందన్నది మాత్రం ఆ నలుపు చూసి చెప్పలేం. ఇల్లు చీకటైపోయి, ఏసీ బిల్లు మాత్రం అలాగే ఉండిపోయిన ఫ్లాట్లు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి.

హైదరాబాద్, విజయవాడ లాంటి ఊళ్లలో ఇప్పుడున్న మామూలు అపార్ట్‌మెంట్లు, చిన్న ఆఫీసులు, క్లినిక్కుల కోసం రాస్తున్నది ఇది. అంటే అల్యూమినియం లేదా యూపీవీసీ ఫ్రేములో ఒకే పొర తెల్ల అద్దం ఉన్న కిటికీలు. హైటెక్ సిటీ టవర్లలో ఉండే రెండు పొరల కోటెడ్ అద్దాల సంగతి వేరు. వాటి జోలికి ఎందుకు వెళ్లకూడదో మధ్యలో చెబుతాను.

ముందు ఏ కిటికీకో తేల్చుకోండి

ఇంట్లో ఉన్న అద్దాలన్నిటికీ ఫిల్మ్ వేయించడం డబ్బు దండగ. ఎండ నేరుగా పడే అద్దానికే దానితో పని.

హైదరాబాద్ ఉత్తర అక్షాంశం 17.4 డిగ్రీల దగ్గర ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందుకే మండు వేసవిలో దక్షిణపు కిటికీ మీద నేరుగా ఎండ దాదాపు పడదు. ఆ కిటికీకి ఎండ వచ్చేది చలికాలంలో. అది కూడా కాస్త ఎత్తు నుంచి వస్తుంది కాబట్టి రెండడుగుల సజ్జా ఉంటే మధ్యాహ్నం పూట కొంతవరకు ఆగిపోతుంది.

పడమర అలా కాదు. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కిందికి దిగి సజ్జా కింద నుంచి తిన్నగా గదిలోకి వస్తాడు. ఏ సజ్జా దాన్ని ఆపలేదు. పైగా అప్పటికి గోడలు, కప్పు, బయటి గాలి అన్నీ కాగి ఉంటాయి. తూర్పున కూడా ఇంతే ఎండ పడుతుంది కానీ పొద్దున్నే ఇల్లు ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి మనకి అంత బాధ తెలియదు. ఉత్తరపు కిటికీని పూర్తిగా వదిలేయొచ్చని అందరూ అంటారు. కానీ జూన్‌లో సూర్యుడు అస్తమించేది సరిగ్గా పడమర కాదు, అక్కడి నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి. కాబట్టి ఎదురుగా ఏ అడ్డూ లేని ఉత్తరపు కిటికీకి సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. అయినా మొదటి ఖర్చు పెట్టాల్సింది పడమటి అద్దం మీదే. డబ్బు మిగిలితే తూర్పు.

వాస్తు పటం నమ్ముకోకండి. ఫోనులో దిక్సూచి తెరిచి కిటికీ దగ్గర నిలబడి చూడండి. బిల్డర్ "ఈస్ట్ ఫేసింగ్" అన్నది తలుపు గురించి, పడకగది కిటికీ ఎటు ఉందో అది చెప్పదు.

మీది పై అంతస్తు అయితే ఇంకో మాట. స్లాబు నుంచి దిగే వేడి కిటికీ వేడికంటే ఎక్కువ ఉండొచ్చు. ఆ ఇంట్లో మొదటి రూపాయి కప్పు మీద కూల్ రూఫ్ పెయింటుకో తెల్ల పెంకులకో పోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. కిటికీ ఆ తర్వాత.

కొనే ముందు అట్టముక్క పరీక్ష

దీనికి పైసా ఖర్చు లేదు. అయినా దాదాపు ఎవరూ చేయరు. ఫ్రిజ్ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె విప్పి, పడమటి కిటికీకి బయటి వైపు నుంచి కట్టండి. బాల్కనీ వైపో గ్రిల్ వైపో అయితే సులువు. బయటికి చేయి అందని పై అంతస్తులో మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోకుండా లోపలి నుంచే అద్దానికి ఆనించి పెట్టండి. ఫలితం కొంచెం తక్కువగా కనిపిస్తుంది, అంతే. రెండు రోజులు ఉంచి గది ఎలా ఉందో చూడండి. సాయంత్రం ఏసీ వేశాక ఎంతసేపటికి గది చల్లబడుతోంది, కంప్రెసర్ ఎంతసేపటికి ఆగుతోంది అన్నది గమనించండి.

బయట కట్టిన అట్ట ఎండని దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఏ ఫిల్మ్ కూడా అంత ఆపలేదు. అట్ట కట్టినా గదిలో తేడా లేదంటే మీ బాధ కిటికీ నుంచి వస్తున్నది కాదు. కప్పు, గోడ, తలుపు సందులు, చాలని ఏసీ, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. తేడా బాగా తెలిస్తే ఫిల్మ్‌తో అందులో సగానికి అటూఇటూ వస్తుందనుకోవచ్చు.

ఇదే సందర్భంలో ఇంకొకటి ఆలోచించండి. బయట నీడ కట్టే వీలుంటే, అంటే వెదురు తడికో, గ్రీన్ నెట్టో, బాల్కనీకి చిక్ తెరో, అదే ఫిల్మ్ కంటే మేలు. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది, ఖర్చూ తక్కువ. మన పాత ఇళ్లలో వట్టివేళ్ల తడికలు వసారా బయటి అంచున కట్టేవాళ్లు, గదిలో కాదు. అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో బయట ఏదీ కట్టనివ్వరు, గాలికి నిలవదు. ఫిల్మ్ అవసరం నిజంగా పడేది అక్కడే.

డబ్బు లెక్క

నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు ఉన్న కిటికీ తీసుకుందాం. 20 చదరపు అడుగులు, అంటే 1.86 చదరపు మీటర్లు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి అద్దం మీద చదరపు మీటరుకి సుమారు 600 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, ఆ కిటికీ మీద మొత్తం 1,100 వాట్లకు పైమాటే. మామూలు తెల్ల అద్దం అందులో 82 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. అంటే 900 వాట్లు. సాయంత్రం పూట పడకగదిలో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి వదిలేసి, పక్కనే ఏసీ వేసుకున్నట్టు.

మంచి ఫిల్మ్ ఆ 82ని 42కి దించిందనుకోండి. నాలుగింటికి 440 వాట్ల చిల్లర తగ్గుతుంది. రెండు నుంచి ఆరు దాకా చదరపు మీటరుకి సగటున 400 వాట్ల ఎండ వేసుకుని గుణిస్తే రోజుకి దాదాపు 1.2 యూనిట్ల వేడి తగ్గినట్టు. ఇది వేడి లెక్క, కరెంటు లెక్క కాదు. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడిని బయటికి తోస్తుందనుకుంటే, మిగిలేది రోజుకి 0.34 యూనిట్. వేసవిలో 120 రోజులు, యూనిట్ తొమ్మిది రూపాయల స్లాబు అనుకుంటే ఏడాదికి 370 రూపాయలు. ఫిల్మ్‌కి చదరపు అడుగుకి కూలీతో కలిపి 100 రూపాయలు అయిందనుకుంటే 2,000 ఖర్చు. తిరిగి రావడానికి ఐదారేళ్లు.

"బిల్లు సగానికి సగం తగ్గుతుంది" అనే బోర్డులకి, ఈ లెక్కకి పొంతన లేదు కదా. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఏసీ వేసే ఇంటికే ఈ మాత్రం మిగులు. రాత్రి పదికి మాత్రమే ఏసీ వేసేవాళ్లకి ఇంకా తక్కువ. పగలంతా ఏసీ నడిచే క్లినిక్, ట్యూషన్ సెంటర్, కంప్యూటర్ ల్యాబ్, పడమర వైపు మొత్తం అద్దమే ఉన్న షోరూము, వీటికి ఏడాదిలో చాలా నెలలు ఎండ తగులుతుంది, అద్దమూ ఎక్కువ. అక్కడ డబ్బు త్వరగా తిరిగొస్తుంది. ఇంట్లో మాత్రం ఫిల్మ్ వేయించడానికి అసలు కారణం సాయంత్రం నాలుగింటికి ఆ మంచం మీద కూర్చోగలగడం. ఆ సుఖానికి బిల్లులో తగ్గింపు తోడు అనుకోండి, నిరాశ ఉండదు.

లేబుల్ మీద చూడాల్సిన అంకె

కంపెనీ ఫిల్మ్ దేనికైనా ఒక సాంకేతిక పత్రం ఉంటుంది. షాపువాణ్ణి అడగండి, వాట్సాప్‌లో పంపుతాడు. పంపలేకపోతే ఆ ఫిల్మ్ కొనకండి. ఆ పత్రంలో ఉండేవి ఇవి.

వీఎల్‌టీ అంటే కంటికి కనిపించే వెలుగులో ఎంత లోపలికి వస్తుందో. 50 అంటే సగం వెలుగు. ఇది చీకటి–వెలుతురు అంకె మాత్రమే.

ఎస్‌హెచ్‌జీసీ అంటే అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత భాగం ఏ దారినైనా సరే గదిలోకి చేరుతుందో. సున్నా నుంచి ఒకటి మధ్య ఉంటుంది. తక్కువ ఉంటే మంచిది. మీకు కావాల్సిన అంకె ఇదే. కొందరు దీన్నే తిప్పి, లోపలికి రాకుండా ఆగిపోయే వాటాని, టీఎస్‌ఈఆర్ అని శాతంలో రాస్తారు. ఎస్‌హెచ్‌జీసీ 0.42 అంటే టీఎస్‌ఈఆర్ 58 శాతం. షేడింగ్ కోఎఫిషెంట్ అని రాస్తే దాన్ని 0.87తో గుణించండి, ఎస్‌హెచ్‌జీసీ వస్తుంది.

యూవీ 99 శాతం ఆపుతుందని పెద్ద అక్షరాలతో ఉంటుంది. చవక ఫిల్మ్‌లు కూడా దాదాపు అంత ఆపుతాయి. కాబట్టి దాన్ని బట్టి ఎంచుకునేదేమీ లేదు. సోఫా రంగు వెలిసిపోవడం కొంత తగ్గుతుంది కానీ ఆగిపోదు. వెలుగు, వేడి కూడా రంగుని తినేస్తాయి.

ఇక ఐఆర్, అంటే కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల అంకె. ఈ వ్యాపారంలో కనికట్టంతా ఇక్కడే జరుగుతుంది. "95 శాతం ఇన్‌ఫ్రారెడ్ ఆపుతుంది" అని చెప్పి, ఒక చెక్కపెట్టెలో ఎర్రటి హీట్ ల్యాంపు వెలిగించి, మధ్యలో ఫిల్మ్ అతికించిన గాజు పెట్టి, ఇవతల మీ చేయి పెట్టమంటారు. చెయ్యి చల్లగానే ఉంటుంది. మీరు అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ ల్యాంపు దాదాపు మొత్తం ఇన్‌ఫ్రారెడ్‌నే ఇస్తుంది. సూర్యుడు అలా కాదు. ఎండలోని శక్తిలో సగానికి కొంచెం ఎక్కువ ఇన్‌ఫ్రారెడ్, సగానికి కొంచెం తక్కువ కనిపించే వెలుగు, యూవీ ఏ నాలుగైదు శాతమో. లోపలికి వచ్చిన వెలుగు కూడా గోడకో నేలకో తగిలి చివరికి వేడిగానే మారుతుంది. పైగా ఆ 95 అన్నది చాలాసార్లు ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక చిన్న పట్టీలో కొలిచినదే. ఇంకొకటి, ఫిల్మ్ వేడిని తిప్పి కొట్టకుండా పీల్చుకుంటే అద్దం మెల్లగా కాగుతుంది. అది గదిలోకి వేడిని వదలడం మొదలుపెట్టేసరికి మీరు చేయి తీసేసి ఉంటారు. అదే పెట్టె ముందు పావుగంట కూర్చుని చూడమనండి.

కాబట్టి ఐఆర్ 95 ఉన్నా టీఎస్‌ఈఆర్ 45 అని ఉంటే, ఆ ఫిల్మ్ 45 ఫిల్మే.

ఇంకో చిన్న భాగహారం చేయండి. వీఎల్‌టీని దశాంశంలో రాసి ఎస్‌హెచ్‌జీసీతో భాగించండి. ఒకటి దాటితే, వచ్చే వేడి కంటే వచ్చే వెలుగు వాటా ఎక్కువని. ఉదాహరణకి వీఎల్‌టీ 50 శాతం, ఎస్‌హెచ్‌జీసీ 0.42 ఉంటే 1.19, బాగుంది. వీఎల్‌టీ 20, ఎస్‌హెచ్‌జీసీ 0.58 ఉన్న నల్ల ఫిల్మ్ అయితే 0.34. చీకటికి డబ్బు కట్టి వేడిని ఉంచుకున్నట్టే. పగలే ట్యూబులైటు వేసుకోవాల్సి వస్తే ఆ కరెంటూ, ఆ వేడీ అదనం.

పోల్చుకోవడానికి ఒక గీటురాయి కావాలంటే, కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి ఉంది. దాని 2017 కూర్పు పెద్ద వాణిజ్య భవనాల్లో ఉత్తరం కాని వైపు కిటికీలకి మన వాతావరణంలో ఎస్‌హెచ్‌జీసీ 0.27 మించకూడదని, వెలుగు మాత్రం కనీసం 27 శాతం రావాలని పెట్టింది. ఇంటికి అది కట్టుబాటు కాదు. ఇంట్లో పడమటి కిటికీకి 0.35 నుంచి 0.45 మధ్య ఎస్‌హెచ్‌జీసీ, 35 నుంచి 50 మధ్య వీఎల్‌టీ ఉన్నది చూసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

అన్నట్టు ఈ అంకెలన్నీ మామూలుగా తెల్ల అద్దం మీద అతికించి లెక్క కట్టినవే. మందం ఎంతో పత్రంలో రాసి ఉంటుంది. మీది గ్రీన్ టింట్ అద్దమైతే అవి మారతాయి.

ఏ రకం

రంగు వేసినవి అన్నిటికంటే చవక. ఎండని పీల్చుకుని పనిచేస్తాయి, కొన్నేళ్లకు ఊదారంగుకి తిరుగుతాయి. ఇంటికి వద్దు.

లోహపు పూత ఉన్నవి, షాపుల్లో సిల్వర్ అనీ మిర్రర్ అనీ పిలిచేవి, వేడిని నిజంగా బాగా తిప్పికొడతాయి. డబ్బుకి ఎక్కువ చల్లదనం ఇచ్చేది ఇదే. మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఎదురింటి మీదకి ఎండ కొడుతుంది. రెండోది, లోపల మొబైల్ సిగ్నల్ తగ్గొచ్చు. ఇప్పటికే ఒక గీత సిగ్నల్‌తో బతుకుతున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మూడోది, అందరూ దీన్ని చాటు కోసం వేయిస్తారు కానీ చాటు పగలు మాత్రమే. ఏ వైపు వెలుతురు ఎక్కువ ఉంటే అటు అద్దంలా కనిపిస్తుంది, తక్కువ ఉన్న వైపు నుంచి చూసేవాళ్లకి అవతల అంతా కనిపిస్తుంది. రాత్రి లైటు వేశారంటే మీ ఇల్లంతా బయటివాళ్లకి సినిమా తెర. కర్టెన్ తీసేయకండి.

సిరామిక్, నానో సిరామిక్ అనేవి వెలుగుని వదిలి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపుతాయి. సిగ్నల్‌కి అడ్డం రావు, బయటి నుంచి చూస్తే అద్దం మామూలుగానే ఉంటుంది. ఖరీదు ఎక్కువ. హాల్లో, పిల్లలు చదువుకునే గదిలో ఇదే సరైనది. సిరామిక్ అన్న మాట రోల్ మీద రాసినంత మాత్రాన అయిపోదు, ఎస్‌హెచ్‌జీసీ చూడండి.

లో–ఈ ఫిల్మ్ అని ఇంకోటి ఉంది. మిగతావన్నీ ఎండని ఆపుతాయి, బయటి గాలి వేడిని కాదు. బయట 43 డిగ్రీలు, లోపల 26 ఉంటే, ఎండ అసలు లేకపోయినా మన 20 అడుగుల అద్దం నుంచి 180 వాట్ల దాకా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. మామూలు ఫిల్మ్ దీన్ని దాదాపు ముట్టుకోదు. లో–ఈ కొంత తగ్గిస్తుంది. కానీ ఇల్లు అంత చల్లగా రోజంతా ఉంచేవాళ్లకే ఆ అదనపు ఖరీదు గిట్టుతుంది. మిగతావాళ్లు కిటికీ సందుల్లో బ్రష్ పట్టీలు మార్పించుకుంటే వడగాలి ఆగడానికి ఎక్కువ పనికొస్తుంది.

గార్వారే, 3ఎం, లూమార్, సోలార్ గార్డ్ లాంటి పేర్లు మన మార్కెట్లో దొరుకుతాయి. పేరు చెప్పి వేరే రోల్ వేయడం కూడా మామూలే. రోల్ అట్టపెట్టె మీది పేరు, ఫిల్మ్ వెనకున్న పల్చటి పొర మీది ముద్ర మీ ఎదురుగా చూసుకుని, వారంటీ కార్డు మీద ఆ నంబరు రాయించుకోండి.

అద్దం తట్టుకుంటుందా

ఇది దాటేస్తే అద్దం పగులుతుంది. ఎండని పీల్చే ఫిల్మ్ అతికించాక అద్దం మధ్యభాగం బాగా కాగుతుంది. ఫ్రేములో దూరి ఉన్న అంచులు చల్లగా ఉంటాయి. మధ్య సాగాలని చూస్తుంది, అంచు సాగనివ్వదు. అంచులో కోసేటప్పుడు పడిన చిన్న నెర్రె ఉంటే అక్కడ మొదలై, అంచుకి నిట్టనిలువుగా బయల్దేరి, పగులు లోపలికి పాకుతుంది. ఎవరో రాయి వేశారనుకుంటారు.

టఫెండ్, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దానికి ఈ భయం లేదు. అద్దం మూలల్లో వెతకండి, గోరంత ముద్ర గాజులోనే చెక్కినట్టు ఉంటుంది. అది ఉంటే టఫెండ్. లేకపోతే మామూలు అద్దమనే అనుకోండి. మామూలు అద్దమైనా పల్చటిది, తెల్లది, అంచులు బాగున్నది అయితే చాలా ఫిల్మ్‌లు పడతాయి. ముదురు రంగు అద్దం, తీగ వల ఉన్న అద్దం, లామినేటెడ్ అద్దం, అంచు విరిగిన అద్దం, సజ్జా నీడ సగం మీద మాత్రమే పడే పెద్ద అద్దం, వీటికి పీల్చే రకం వేయకండి. ప్రతి మంచి కంపెనీ దగ్గర ఏ అద్దానికి ఏ ఫిల్మ్ అన్న పట్టిక ఉంటుంది, అది అడగండి.

రెండు పొరల అద్దాల్లో లోపలి వైపు ఫిల్మ్ వేస్తే ఆ వేడి పొరల మధ్య చిక్కుకుంటుంది, చుట్టూ ఉన్న సీలు చెడిపోయి లోపల చెమ్మ పట్టొచ్చు. ఆఫీసు టవర్లలో అయితే అద్దానికి అప్పటికే కోటింగ్ ఉంటుంది, వారంటీ ఆ అద్దాలు బిగించిన ఫసాడ్ కంపెనీది. వాళ్ల లిఖితపూర్వక అంగీకారం లేకుండా ముట్టుకోకండి. బయటి వైపు అతికించే ఫిల్మ్‌లు వేరే ఉన్నాయి. వేడిని ఇంకా బాగా ఆపుతాయి కానీ ఎండా వానా తిని త్వరగా పాడవుతాయి.

పాలీకార్బొనేట్, యాక్రిలిక్ షీట్ల మీద మామూలు ఫిల్మ్‌లు నిలవవు. వాటిలోంచి వాయువు ఊరుతూ ఉంటుంది, ఫిల్మ్ కింద బుడగలు లేస్తాయి.

అనుమతులు

అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కి ముందే చెప్పండి, ముఖ్యంగా మిర్రర్ రకం అయితే. బయటి నుంచి ఒక్క ఫ్లాటే మెరుస్తుంటే గొడవ ఖాయం. అద్దె ఇల్లయితే జిగురు లేకుండా అద్దానికి అంటుకునే స్టాటిక్ ఫిల్మ్ వేసుకుని, వెళ్లేటప్పుడు చుట్టుకుపోవచ్చు. పనితనం అంతంతే. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లు నిషేధించింది కదా అని కొందరు భయపడతారు. అది కార్లకి. ఇంటి కిటికీకి సంబంధం లేదు.

అతికించడం

పెద్ద అద్దాలు, ఎత్తైన అద్దాలు, ఖరీదైన సిరామిక్ అయితే మనిషిని పిలవండి. చిన్న స్లైడింగ్ తలుపులైతే ఓపిక ఉన్న ఇద్దరు ఒక ఉదయంలో చేసుకోవచ్చు. ఒక్కరే చేయబోతే ఫిల్మ్ దానికదే అతుక్కుని ముడత పడుతుంది.

కావాల్సినవి: స్ప్రే సీసా, బేబీ షాంపూ, రబ్బరు అంచు ఉన్న స్క్వీజీ, అద్దం గీకే బ్లేడు, కొత్త బ్లేడ్లతో పేపర్ కట్టర్, స్టీలు స్కేలు, సెల్లో టేపు, నూగు రాలని గుడ్డలు. నీళ్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బోరు నీళ్లలో లవణాలుంటాయి, ఆరాక ఫిల్మ్ కింద తెల్ల చుక్కలుగా శాశ్వతంగా మిగిలిపోతాయి. ఆర్వో నీళ్లు గానీ, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. లీటరుకి ఏడెనిమిది చుక్కల షాంపూ చాలు. ఎక్కువైతే జిగురు పట్టదు, తక్కువైతే ఫిల్మ్ సర్దుకునే లోపే అంటుకుపోతుంది.

ఎండ పడని పూట మొదలుపెట్టండి. పడమటి కిటికీకి పొద్దున్నే మంచిది. వేడి అద్దం మీద నీళ్లు నిమిషంలో ఆరిపోతాయి. ఫ్యాను కట్టేయండి, కర్టెన్లు తీసేయండి, నేల తడిగుడ్డతో తుడవండి. మన ఊళ్లలో దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, ఒక్క రేణువు చిక్కినా వేలి గోరంత బుడగ కనిపిస్తుంది.

స్లైడింగ్ తలుపుని పైకెత్తి ట్రాక్ నుంచి ఊడదీయగలిగితే, తీసి మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. పని సగం తేలికవుతుంది. బయటి ట్రాక్‌లోని తలుపుకి లోపలి వైపు అతికించినప్పుడు, లోపలి ట్రాక్‌లోని తలుపు దాని మీదుగా జారుతుంది. మధ్య ఉన్న బ్రష్ పట్టీలో ఇసుక పేరుకుని ఉంటే ఫిల్మ్ మీద గీతలే గీతలు. పట్టీలు ముందే దులపండి, అరిగిపోతే మార్చండి.

ఇప్పుడు అద్దం. షాంపూ నీళ్లు కొట్టి, గీకే బ్లేడుని ఒకే దిక్కుకి నడపండి, వెనక్కి లాగకండి. పెయింటు చుక్కలు, సిలికాన్ మరకలు, బల్లి రెట్టలు అన్నీ పోవాలి. టఫెండ్ అద్దం మీద ముందు ఒక మూల గీకి చూడండి. కొన్నిటి మీద కాల్చినప్పుడు అంటుకున్న కనపడని రేణువులుంటాయి, బ్లేడు వాటిని ఈడ్చుకుపోయి గాజుని గీస్తుంది. వేలితో నిమిరితే గరుకు తెలుస్తుంది. అలా ఉంటే బ్లేడు మానేసి స్క్రబ్బరు వాడండి. తర్వాత స్క్వీజీతో పై నుంచి కిందికి లాగి, రబ్బరు బీడింగ్ మూలల్ని గుడ్డతో తుడిచి, మళ్లీ కొట్టి మళ్లీ లాగండి. శుభ్రం చేయడానికి పట్టే సమయం అతికించడానికి పట్టే దానికంటే ఎక్కువ ఉండాలి.

ఫిల్మ్‌ని అద్దం కొలత కంటే అన్నివైపులా ఒక అంగుళం పెద్దగా కత్తిరించండి. ఒక మూల ముందొకటి వెనకొకటి టేపు ముక్క అంటించి, రెండింటినీ ఎడంగా లాగితే వెనకున్న పల్చటి పొర విడుతుంది. ఒకరు పై మూలలు రెండూ పట్టుకోవాలి, ఇంకొకరు పొర లాగుతూ, బయటపడిన జిగురు వైపు వెంటవెంటనే నీళ్లు కొట్టాలి. అద్దం మీద కూడా కారేంత నీళ్లు. మొహమాటపడితే చెడుతుంది. తడి జిగురుని తడి అద్దానికి ఆనిస్తే ఫిల్మ్ అటూఇటూ జారుతుంది. సర్దండి.

పైన, అంటే గది వైపు కూడా నీళ్లు కొట్టి, స్క్వీజీ పెట్టి పైన మధ్యలోంచి మొదలుపెట్టి రెండు పక్కలకి, తర్వాత కిందికి, మెల్లగా ఒక పొర నీళ్లు తోసేయండి. ఇప్పుడు అంచులు కొయ్యాలి. స్కేలుని బీడింగ్‌కి ఆనించి, దాని మందం వదిలి, కట్టర్ ఒకే విసురున లాగండి. అంచుకీ ఫిల్మ్‌కీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. రబ్బరుకి తగిలేలా కోస్తే అక్కడే లేచిపోతుంది. ప్రతి కోతకీ కట్టర్ బ్లేడు మొన విరిచి కొత్త మొన తీయండి, మొండి మొన ఫిల్మ్‌ని చింపుతుంది. కోసేటప్పుడు కట్టర్ గాజు మీద గట్టిగా నొక్కితే గీత పడుతుంది, ఆ గీతే తర్వాత పగులు.

మళ్లీ నీళ్లు కొట్టి, ఈసారి బలంగా, ఒక లాగు మీదకి ఇంకో లాగు కాస్త ఎక్కేలా తోయండి. చివర ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి అంచులంతా నొక్కితే అక్కడ మిగిలిన నీళ్లు గుడ్డ పీల్చుకుంటుంది.

ఆరేదాకా

మరునాడు చూస్తే అక్కడక్కడా మబ్బు మబ్బుగా, చిన్న నీటి బుడగలుగా ఉంటుంది. సూది తీసుకుని పొడవకండి. నీళ్లు ఫిల్మ్ గుండా మెల్లగా ఆవిరై పోతాయి. వేసవిలో కొద్ది రోజుల్లో, వానాకాలంలో నెల దాకా పట్టొచ్చు. మధ్యలో గింజలాంటి గట్టి చుక్క ఉంటే అది దుమ్ము, పోదు. నెల రోజులు తుడవకండి. ఆ తర్వాత మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్లు, పీచు, న్యూస్‌పేపరు వద్దు. దీపావళికి దులిపే మనిషికి ఈ మాట ముందే చెప్పండి.

పని చేసిందా

ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి అద్దం మీద కొలిచి "ఇంకా వేడెక్కింది, మోసం" అనకండి. పీల్చే ఫిల్మ్ ఉన్న అద్దం వేడెక్కే తీరుతుంది. మిర్రర్ ఫిల్మ్ మీద ఆ గన్ అంకెని నమ్మడానికీ లేదు. చూడాల్సింది గది. మంచం మీద నీడలో మామూలు థర్మామీటరు పెట్టి, ఏసీ లేకుండా సాయంత్రం ఐదింటికి చూడండి. ఏసీకి విడిగా మీటరున్న స్మార్ట్ ప్లగ్ ఉంటే, దాని సామర్థ్యం ఏసీ కరెంటుకి సరిపోతేనే వాడి, బయటి ఎండ ఒకేలా ఉన్న రోజుల్లో, అదే 26 డిగ్రీల సెట్టింగులో యూనిట్లు పోల్చండి. మేలో ముందు, జులైలో తర్వాత చూసి తగ్గిందని సంబరపడితే అది వానల పుణ్యం.

పాతది తీయాలంటే

ఊదారంగు తిరిగిన పాత ఫిల్మ్‌ని గోటితో లాగితే పీలికలై జిగురంతా అద్దం మీదే ఉండిపోతుంది. సబ్బు నీళ్లు బాగా కొట్టి, మీద నల్ల చెత్త సంచి పరిచి, ఎండ పడే పూట గంటసేపు వదిలేయండి. జిగురు మెత్తబడుతుంది. పై మూల బ్లేడుతో లేపి, అద్దానికి దగ్గరగా మడిచి కిందికి మెల్లగా లాగండి. మిగిలిన జిగురుని మళ్లీ తడిపి గీకేయాలి. సంచి పరిచి ఉంచేది మామూలు అద్దమైతే గంట దాటనివ్వకండి. నల్ల సంచి కూడా ఎండని పీల్చేదే, ఇందాక చెప్పిన పగులు దీనితోనూ రావొచ్చు.